ఒక్కసారే మోగే గంట

“రాహుకాలం మీదికొస్తున్నది. టెస్టింగులు తర్వాత చేసుకుందువు గానీ, ముందు స్విచ్చి ఆన్ చెయ్ ఉమాకాంత్!”

జగదీశ్వర్ చేతిలో హారతి పళ్లెం ఉంది. ఎదురుగా పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసిన కొత్త సర్వర్ ఉంది. నారాయణగూడలో డాక్టర్ ప్రభావతి నడిపే బ్లడ్ బ్యాంక్‌లో ఆ పూట అదే పండగ. చిక్కడపల్లిలో మిఠాయి దుకాణం మీది అంతస్తులో ఉండే జగదీశ్వర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ముహూర్తం లేనిదే మౌస్ కూడా కదలదని అందరికీ తెలుసు.

ఉమాకాంత్ ఆ కంపెనీలో సీనియర్. పాత సర్వర్‌లోని డేటాబేస్‌ను బ్యాకప్ తీసి కొత్తదాంట్లోకి ఎక్కించేశాడు. బెల్ పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఆ బెల్ మీదే ఆ బ్లడ్ బ్యాంక్ నడుస్తోంది. దాతల రక్తానికి మొదటి పరీక్ష అక్కడే చేస్తారు. ఇంకా లోతుగా చూసే రెండో పరీక్ష బయటి ల్యాబ్‌లో జరుగుతుంది. ఆ ఫలితం రావడానికి ఆలస్యమవుతుంది. ప్రాణం మీదికొచ్చిన కేసులో అంతసేపు ఆగలేరు గనక మొదటి పరీక్షతోనే బ్యాగ్ ఇచ్చి పంపుతారు. ఆ తర్వాత బయటి ల్యాబ్ వాళ్లు ఆ రక్తం చెడ్డదని డేటాబేస్‌లో ఎక్కిస్తే, ఆ క్షణమే డేటాబేస్ తనంతట తాను కౌంటర్‌లోని ప్రోగ్రాంకు కబురు పెడుతుంది. ప్రోగ్రాం చెవులు చిల్లులు పడేలా బెల్ కొడుతుంది. కౌంటర్‌లోని లక్ష్మి ఆస్పత్రికి ఫోన్ చేస్తుంది. ఎక్కుతున్న బ్యాగ్‌ను అక్కడికక్కడే ఆపేస్తారు.

“సార్, ఒక్క నిమిషం. బెల్ మోగుతదో లేదో చూస్త,” అన్నాడు ఉమాకాంత్.

జగదీశ్వర్ పూజగంట అందుకుని గణగణ వాయించాడు. “ఇగో, మోగింది గద! కొట్టు స్విచ్చి!”

అందరూ నవ్వారు. ఉమాకాంత్ కూడా నవ్వి స్విచ్ నొక్కాడు. తనను భాగస్వామిగా చేర్చుకుంటానని జగదీశ్వర్ మాట ఇచ్చి ఉన్నాడు. కంపెనీ బోర్డు మీద తన పేరు ఎక్కేదాకా ఆయన రాహుకాలానికి ఎదురు చెప్పేంత అమాయకుడు కాదు ఉమాకాంత్.

వారం తిరక్కముందే ప్రభావతి ఫోన్ చేసింది.

“నీ బెల్ మూగదైందయ్యా. నిన్న ఒక బ్యాగ్ చెడ్డదని తేలింది, స్క్రీన్ మీద ఎర్రగ కనవడుతనే ఉన్నది. బెల్ మాత్రం మోగలే. ఆ బ్యాగ్ చివరి బొట్టుదాకా ఒక ఆడమనిషికి ఎక్కిపోయింది. కామెర్ల వైరస్. ఇప్పుడే వస్తవా, లేకుంటే నేనే మీ ఆఫీసుకు రావాల్నా?”

ఉమాకాంత్ బైక్ తీశాడు.

బ్లడ్ బ్యాంక్ మెట్ల మీద సిమెంటు మరకల లుంగీతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు తిమ్మయ్య. పాలమూరు నుంచి వచ్చి దోమలగూడ బస్తీలో ఉంటూ మేస్త్రీ కింద పని చేస్తాడు. పరంజా మీది నుంచి పడ్డ అతని భార్య మంగకే ఆ రక్తం ఎక్కింది.

“కంప్యూటర్ సారంటే మీరేనా సారు?” అంటూ లేచాడు తిమ్మయ్య. “మా మంగ రక్తంల ఏందో కలిసిందంటున్నరు. కంప్యూటర్ల తప్పు వడ్డదట. మల్ల కంప్యూటర్ల కెళ్లే తీసేయరాదా సారు?”

“తీసేస్తం. రేపు రాపో,” అన్నాడు ఉమాకాంత్ అతని వంక చూడకుండానే.

తిమ్మయ్య ముఖం వెలిగింది. “నీ కడుపు సల్లగుండ!” అని రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

లోపల ఉమాకాంత్ సర్వర్ ముందు కూర్చున్నాడు. డేటా సరిగ్గా చేరుతోంది. ఎక్కడా ఎర్రర్ లేదు. అసలు దరిద్రం అదే. ఎర్రర్ వస్తే మనిషి ఉలిక్కిపడి చూస్తాడు. ఇక్కడ అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంది. ‘ఈ టేబుల్ మారితే నాకు చెప్పు’ అని కౌంటర్ ప్రోగ్రాం అడుగుతోంది. సరేనని డేటాబేస్ ఒప్పుకుంటోంది. టేబుల్ మారుతోంది. కబురు మాత్రం రావడం లేదు.

కబురు మోసేది ఎవరు? డేటాబేస్ లోపలి బ్రోకర్. ఆ బ్రోకర్ నడుస్తోందా అని సర్వర్‌ను అడిగాడు.

లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఉమాకాంత్‌కు. బ్యాకప్‌ను కొత్త మెషీన్‌లోకి దించితే బ్రోకర్ ఆగిపోతుంది. దాన్ని మనిషే మళ్లీ లేపాలి. ఒకే ఒక్క లైను. ఆ లైను కొట్టాల్సింది తనే. పూజ రోజున బెల్ ఒక్కసారి కొట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

అటూ ఇటూ చూసి ఆ లైను కొట్టాడు. బ్రోకర్ లేచింది. జబ్బు కుదిరింది. కానీ జబ్బు ఎందుకొచ్చిందని ప్రభావతి అడుగుతుంది, జగదీశ్వర్ అడుగుతాడు. నిజం చెబితే బోర్డు మీది పేరు బోర్డు ఎక్కకముందే చెరిగిపోతుంది.

అతనికి ఒక తప్పు కావాలి. ఆ తప్పుకు ఒక మనిషి కావాలి. మనిషి సిద్ధంగానే ఉన్నాడు.

కౌంటర్ ప్రోగ్రాం రాసింది శ్రావణ్. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ కుర్రాళ్లతో గది పంచుకునే జూనియర్. నోట్లో నాలుక లేనివాడు. ఉమాకాంత్ అన్న ఏం చెబితే అదే వేదమనుకునేవాడు.

ఇక తప్పు. డేటాబేస్ పంపే కబురు గ్యాస్ బండ లాంటిది. ఒకసారి బుక్ చేస్తే ఒక్క బండే వస్తుంది. ఇంకోటి కావాలంటే మళ్లీ బుక్ చేయాలి. అలాగే కబురు అందిన ప్రతిసారీ ప్రోగ్రాం మళ్లీ పేరు నమోదు చేసుకోవాలి. శ్రావణ్ ఆ సంగతి మరిచిపోలేదు. నమోదు చేసే లైనును పద్ధతిగా రాశాడు. ఉమాకాంత్ ఆఫీసుకు వెళ్లి, తలుపు మూసుకుని, ఆ లైను పీకేశాడు. పీకేసిన ప్రోగ్రాం ఒక ఫోల్డర్‌లో, మంచి ప్రోగ్రాం ఇంకో ఫోల్డర్‌లో పెట్టి రెండింటినీ ఒకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు.

మర్నాడు బ్లడ్ బ్యాంక్‌లో అందరినీ నిలబెట్టాడు. ప్రభావతి, జగదీశ్వర్, లక్ష్మి, ఓ మూలన శ్రావణ్.

“చూడుండ్రి మేడం,” అంటూ, అందరూ రాకముందే కౌంటర్ మెషీన్‌లో పెట్టి ఉంచిన పీకేసిన ప్రోగ్రాంను నడిపి, ఉత్తుత్తి బ్యాగ్ ఒకటి చెడ్డదని ఎక్కించాడు. బెల్ మోగింది. ఇంకొకటి ఎక్కించాడు. మోగలేదు. “ఒక్కసారే మోగుతది. తర్వాత సచ్చిపోతది. మొదటి మోత ఎవడో టెస్టు చేసుకున్నప్పుడే ఖర్చయింది. పాపం, ఆ మంగ వంతుకు మిగల్లే.”

“ఎవని తప్పిది?” అంది ప్రభావతి.

ఉమాకాంత్ బరువుగా నిట్టూర్చి స్క్రీన్ మీద కోడ్ తెరిచాడు. “శ్రావణ్, మల్ల నమోదు చేసే లైను ఏదిరా?”

శ్రావణ్ ముందుకొచ్చి వెతికాడు. పైకీ కిందికీ వెతికాడు. “అన్నా... నేను రాసిన గద అన్నా...”

“రాస్తే ఏడ వోయింది? ఎలుకలు కొరికినయా?”

జగదీశ్వర్ కిసుక్కున నవ్వాడు.

“కొత్త సర్వర్ వచ్చినప్పుడు ఈ ప్రోగ్రాం ముట్టుకున్నవా లేదా?”

“సర్వర్ పేరు మార్చిన అన్నా. అంతే. ఇంకేం...”

“అగో! ఆ తొందర్లనే లేపేసినవ్. నిన్న మొన్న టైపింగ్ నేర్చినోని చేతికి మనుషుల పానాలు ఇచ్చిన. నాదే బుద్ధి తక్కువ.”

శ్రావణ్ ఇంకోసారి స్క్రీన్ వంక చూశాడు. లైను లేదు. అన్న అబద్ధం చెప్పడు. అయితే తనే లేపేశాడు. ఆ నమ్మకం అతని ముఖంలోకి మెల్లగా దిగడం ఉమాకాంత్ కళ్లారా చూశాడు. చేప గాలం మింగినప్పుడు బెండు మునుగుతుందే, అలా ఉంది.

“బయట మెట్ల మీద ఆమె మొగడు కూసున్నడు,” అంది ప్రభావతి చల్లగా. “మేమెందుకు చెప్పాలె? నువ్వే పోయి చెప్పు, ఏం జేసినవో.”

శ్రావణ్ వెళ్లాడు. అద్దం తలుపు ఇవతల నుంచి అందరూ చూశారు. శ్రావణ్ మెట్టు మీద చతికిలబడి చేతులు జోడించాడు. తిమ్మయ్యకు ఏమీ అర్థం కాలేదు. తలుపు సందులోంచి అతని మాట ఆశగా వినిపించింది.

“ఇయ్యాల తీసేస్తమన్నరు. తీసేటోనివి నువ్వేనా బిడ్డా?”

శ్రావణ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

“ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం ఆఫీసు మెట్లు ఎక్కొద్దని చెప్పు వానికి,” అన్నాడు జగదీశ్వర్. తర్వాత వాచీ చూసుకుని అదిరిపడ్డాడు. “వర్జ్యం వస్తున్నది! ఉమాకాంత్, తొందరగ బాగుజేసి రా. అంతకుముందే పార్ట్‌నర్‌షిప్ కాగితాల మీద సంతకాలు అయిపోవాలె.”

ఉమాకాంత్ పెన్‌డ్రైవ్ పెట్టి, ఫోల్డర్ లాగి పడేసి, ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టాడు. ఉత్తుత్తి బ్యాగ్ ఎక్కించాడు. బెల్ గొల్లుమంది. జగదీశ్వర్ చప్పట్లు కొట్టాడు.

“ఇంకోసారి గూడ కొట్టి చూడు ఉమాకాంత్,” అంది లక్ష్మి.

“మోగింది గదక్కా! వర్జ్యం వస్తున్నదంటే...” అని లేచాడు. పోతూ పోతూ ప్రభావతి దగ్గర ఆగి, తన పెద్దరికానికి ఇంకో మెరుగు పెట్టాడు. “మేడం, ఇకమీదట మీరు లేంది ఈ ప్రోగ్రాంను ఎవ్వరినీ ముట్టనియ్యకుండ్రి. నన్ను గూడ. ఏం మార్చినా, ఎందుకో మీకు చెప్పి, చూపించి మార్చాలె.”

“మంచి మాటన్నవ్,” అంది ప్రభావతి. “ఇంకొక్కసారి దీని మీద ఎవని చెయ్యి వడ్డా, బయటి నుంచి మనిషిని పిలిపించి మొత్తం చూపిస్త.”

సంతకాలు అయ్యాయి. మైసూర్‌పాక్ పంచారు. సాయంత్రం తీరిగ్గా పెన్‌డ్రైవ్ తెరిచిన ఉమాకాంత్ నోట్లో ఆ మైసూర్‌పాక్ మట్టిగడ్డయింది.

ఒకే పేరున్న రెండు ఫోల్డర్లు. చివరి అంకె ఒక్కటే తేడా. హడావిడిలో తను లాగి పడేసింది పీకేసిన ప్రోగ్రాంనే. మంచిది పెన్‌డ్రైవ్‌లోనే భద్రంగా ఉంది. బ్లడ్ బ్యాంక్‌లో ఇప్పుడు నడుస్తున్నది ఒక్కసారే మోగే గంట. ఆ ఒక్కసారీ చప్పట్ల కోసం మోగించేశాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. వెళ్లి మారుస్తానంటే ప్రభావతి ఎందుకని అడుగుతుంది. బయటి మనిషిని పిలుస్తుంది. బ్రోకర్‌ను ఏ రోజున లేపారో ఆ మనిషి పట్టేస్తాడు. తాళం తనే వేసి, తాళంచెవి తనే ఆమె కొంగున కట్టి వచ్చాడు.

అయినా ఒక దారి దొరికింది. ప్రోగ్రాంను మూసి తెరిస్తే అది కొత్తగా నమోదవుతుంది. అంటే ఒక మోత చేతికొస్తుంది. రోజూ పొద్దున లక్ష్మికి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

“లక్ష్మక్కా, ప్రోగ్రాం ఒకపాలి మూసి తెరువు. స్పీడ్‌గ నడుస్తది.”

రోజుకొక బండ. ఒకే రోజు రెండు చెడ్డ బ్యాగులు ఎందుకు వస్తాయిలే అనుకున్నాడు. వస్తే అది వాళ్ల ఖర్మ. తినేటప్పుడు తిన్నాడు, పడుకునేటప్పుడు పడుకున్నాడు. బోర్డు రాసే పెయింటర్‌తో తన పేరుకు ఏ రంగు బాగుంటుందో మాట్లాడుకున్నాడు.

ఒకరోజు అశోక్‌నగర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే శ్రావణ్ కనిపించాడు. వెనక తిమ్మయ్య ఉన్నాడు. మంగను ఆస్పత్రిలో చూపించే పనంతా శ్రావణే నెత్తినేసుకున్నాడట. రోజూ ఆ మొగుడూపెళ్లాలతోనే తిరుగుతున్నాడట.

“నా తప్పుకు నువ్వు గూడ మాటలు పడ్డవన్నా. మాఫ్ చెయ్యి,” అన్నాడు శ్రావణ్.

ఉమాకాంత్ చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు పెట్టేశాడు. “ఇగ ప్రోగ్రామింగ్ జోలికి పోకు తమ్మీ. నీ తలకెక్కదు. గ్రూప్సో గిరూప్సో రాసుకో.”

శ్రావణ్ తల ఊపాడు. నిజమేనన్నట్టు ఊపాడు.

ఆ తర్వాత లక్ష్మికి విసుగొచ్చింది. “మాటికి మాటికి ఎందుకు మూస్తున్నవని మేడం అడుగుతున్నదయ్యా. నాతోని గాదు,” అంది. ఇక మంచి ప్రోగ్రాంను దొంగచాటుగా పెట్టేయడమే మార్గం. మేడం లేనప్పుడు ఒక ఫోన్ కొట్టు, వచ్చి కంప్యూటర్‌లోని వైరస్ తుడిచిపోతానని లక్ష్మిని బతిమాలి ఉంచాడు.

ఆ ఫోన్ ఒక మధ్యాహ్నం వచ్చింది.

“వస్తే ఇప్పుడే రా. మేడం దోమలగూడల పెండ్లి భోజనానికి పోయింది. పొద్దటి నుంచి జనం మస్తుగున్నరు, ఇయ్యాల మూసుడు తెరుసుడు ఏం జెయ్యలే. అయినా నీ బెల్ ఫస్ట్‌క్లాసుగున్నది. ఇంతకుముందే మోగింది, ఒక బ్యాగ్ ఆపిన.”

అంటే చేతిలో ఉన్న ఒక్క మోతా అయిపోయింది. “అక్కా, ఇప్పుడే మూసి తెరువు! ఇప్పుడే!”

“నువ్వే వస్తున్నవ్ గద. వచ్చి చేసుకో.” ఫోన్ పెట్టేసింది.

ఉమాకాంత్ పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకుని బైక్ మీదికి ఉరికాడు. హెల్మెట్ టేబుల్ మీదే ఉండిపోయింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర సెల్ మోగింది. లక్ష్మేమోనని భుజానికీ చెవికీ మధ్య ఇరికించాడు.

“సార్, పెయింటర్‌ని. మీ పేరు బంగారు రంగుల...”

సందులోంచి తిరుగుతున్న నీళ్ల ట్యాంకర్‌ను అతను చూడలేదు.

కళ్లు తెరిచేసరికి పైన తెల్లటి కప్పు, తిరుగుతున్న ఫ్యాను. హైదర్‌గూడలో ఏదో నర్సింగ్ హోమ్. నోరు తెరవబోయాడు. తెరుచుకోలేదు. దవడను వైర్లతో బిగించేశారు. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేతిలో సూది ఉంది. సూది నుంచి గొట్టం, గొట్టం మీద సంచి, సంచిలో రక్తం.

సంచి మీద ప్రభావతి బ్లడ్ బ్యాంక్ చీటీ.

“లేసినవా అన్నా!” పక్కన స్టూలు మీద శ్రావణ్ కూర్చుని ఉన్నాడు. “కదలకు. దవడ ఇరిగింది. మేం బస్‌స్టాప్ కాడనే ఉన్నం, మా కండ్ల ముంగటనే గుద్దినవ్. తిమ్మయ్యన్నే నిన్ను ఎత్తుకొని ఆటోల ఏసిండు. బయటనే కూసున్నడు, నువ్వు లేసేదాంక పోనన్నడు.”

ఉమాకాంత్ కళ్లు సంచిని వదల్లేదు.

“శానా రక్తం వోయిందన్నా. నీది ఓ నెగిటివ్‌ట. ఎక్కడ అడిగినా లేదన్నరు. మన మేడం తాన ఒకటే ఉంటే నేనే పోయి పట్టుకొచ్చిన. బదులు రక్తం గూడ నేనే ఇచ్చిన. పొద్దున అప్పుడే వచ్చిన బ్యాగ్‌ట, బయటి ల్యాబ్ రిపోర్టు ఇంక రాలేదట. పరేషాన్ గాకు. చెడ్డదని వస్తే బెల్ మోగుతది, ఎంబడే ఫోన్ చేస్తనన్నది లక్ష్మక్క. ఇగో, ఫోన్ చేతులనే పట్టుకొని కూసున్న.”

ఉమాకాంత్ గొంతులోంచి గురగురమని శబ్దం వచ్చింది. ఎడమచెయ్యి విదిలించాడు. గొట్టం ఊగింది.

“సిస్టర్! సిస్టర్!” అని అరిచాడు శ్రావణ్.

నర్సు పరుగున వచ్చింది. “రక్తం చూస్తే కొంతమందికి గిట్లనే అయితది,” అంటూ ఆ చేతిని మంచం ఊచకు గుడ్డతో కట్టేసింది. ఉమాకాంత్ వేళ్లతో దుప్పటిని గీకాడు. అక్షరం రాయాలనుకున్నాడు. శ్రావణ్ ఆ వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని నిమిరాడు.

“నాకెందుకు దండాలన్నా? నువ్వు నా గురువ్వి.”

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించాడు. “నీ అంగీల దొరికింది. నేను తెరిచి చూడలే. నేను ముట్టుకుంటే మల్ల ఏదో ఒకటి ఖరాబ్ జేస్త.” దాన్ని తెల్లటి రుమాల్లో చుట్టి, పాపాయిని పడుకోబెట్టినట్టు తలగడ కింద పెట్టాడు.

ఫోన్ మోగింది.

ఉమాకాంత్ ఒళ్లంతా చెవులయ్యాడు. మోగింది, లక్ష్మే, ప్రోగ్రాం మూసి తెరిచి ఉంటుంది, బెల్ మోగి ఉంటుంది...

“హలో... ఆఁ, చెప్త.” శ్రావణ్ ఫోన్ దించాడు. “జగదీశ్వర్ సార్ అన్నా. బోర్డు ఎక్కించిన్రట. బంగారు రంగు ఎండకు మస్తు మెరుస్తున్నదట.”

ఉమాకాంత్ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

“ఏడ్వకన్నా. ఇంత భయమెందుకు? ఆగు, లక్ష్మక్కనే అడుగుత.” నంబర్ నొక్కి స్పీకర్ ఆన్ చేశాడు.

“రిపోర్టులన్నీ ఇందాకనే ఎక్కించిన్రు శ్రావణ్,” లక్ష్మి గొంతు వినిపించింది. వెనక జనం గోల. “స్క్రీన్ చూసే తీరికేడిది నాకు? రేపు మేడం చూసుకుంటది. బెల్ ఉన్నది గద. మధ్యాహ్నం ఒకపాలి మోగింది, ఆ తర్వాత చడీచప్పుడు లేదు. అంత మంచిగనే ఉన్నదని చెప్పు.”

శ్రావణ్ ముఖం విప్పారింది. ఫోన్ జేబులో పెట్టుకుని ఉమాకాంత్ చెవి దగ్గరికి వంగాడు.

“విన్నవా అన్నా? మోగలేదట. నేను రాసిందైతే భయపడాలె గానీ, నువ్వు బాగుజేసిన బెల్ గదా! మోగలేదంటే మంచి రక్తమే.”

నర్సు సంచి వంక చూసి, చాలా మెల్లగా ఎక్కుతోందని గొట్టం మీది చక్రం తిప్పింది. బొట్లు వేగం అందుకున్నాయి.